ఇంటికి తెచ్చిన మూగజీవి ఒక అమానతు

హదీసు గ్రంథాల్లో ఒక స్త్రీ ప్రస్తావన ఉంది. ఆమె పేరు మనకు తెలియదు. ఆమె నమాజు గురించీ, ఉపవాసాల గురించీ ఆ ఉల్లేఖనంలో ఒక్క మాట కూడా లేదు. ఆమె ఒక పిల్లిని బంధించింది. అది చనిపోయేదాకా వదల్లేదు. ఆ కారణంగా నరకానికి పోయింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) గారి ఈ ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. హజ్రత్ అస్మా బిన్తె అబూబక్ర్ (రజి) గారి మరో ఉల్లేఖనం ప్రకారం, సూర్యగ్రహణం నాటి నమాజులో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారికి నరకం చూపబడింది. అందులో ఒక స్త్రీని పిల్లి గోళ్ళతో రక్కుతూ ఉండటం ఆయన చూశారు. ఎందుకని అడిగితే లభించిన జవాబు కూడా ఇదే.

ఈ హదీసును మనం జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. విని, మనం అంత కఠినాత్ములం కాము కదా అనుకుని లేచి వచ్చేస్తాం. కాస్త ఆగి, ఆ స్త్రీ చేసిన పనిని విడదీసి చూడాలి. ఆమె పిల్లిని కొట్టినట్టు ఎక్కడా లేదు. వేడినీళ్ళు పోసినట్టు లేదు. మూడే సంగతులు ఉన్నాయి. దాన్ని బంధించింది. తిండీ నీళ్ళూ ఇవ్వలేదు. నేల మీది పురుగూ పుట్రా తిని బతికేందుకు వదిలిపెట్టనూ లేదు. బంధించి ఉండకపోతే ఆ పిల్లికి ఆమె అవసరమే లేదు. దాని ఉపాధిని అల్లాహ్ భూమ్మీద పరచి ఉంచాడు. తలుపు మూసిన క్షణం నుంచి ఆ దారి మూసుకుపోయింది. దారి మూసినవారి మీదనే దాని ఆకలిదప్పుల బాధ్యత అంతా పడింది.

ఇక మన ఇళ్ళకు వద్దాం. ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ముప్పై నలభై ఏళ్ళ కిందట ఎక్కువగా ఉన్నవి వాకిలి, పెరడు గల ఇళ్ళు. పిల్లి గోడ దూకి వచ్చేది, దాదీ విసిరిన చేపముల్లు తినేది, మళ్ళీ గోడ దూకి పోయేది. అది ఎవరి పిల్లో ఎవరికీ తెలియదు, ఎవరికీ లెక్క చెప్పనక్కరలేదు. 2007లో ఉప్పల్ గ్రేటర్ హైదరాబాదులో కలిసింది, 2017 నవంబరులో నాగోల్ నుంచి మెట్రో నడిచింది. పెంకుటిళ్ళ స్థానంలో నాలుగంతస్తుల, అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. నాచారంలో మూడో అంతస్తు ఫ్లాటులో, గ్రిల్లు బిగించిన బాల్కనీ వెనుక పెరిగే పిల్లికి నేల మీది పురుగు దొరకదు, వాన నీళ్ళు దొరకవు. అంటే ఆ హదీసులోని స్త్రీ ఇంటి పరిస్థితీ, మన ఇంటి పరిస్థితీ తిండి నీళ్ళు పెట్టడం అనే ఒక్క విషయంలో తప్ప వేరు కాదు. పిల్లినో కుక్కపిల్లనో తెచ్చుకోవాలనుకునే ప్రతి కుటుంబమూ ముందు ఈ సంగతిని మనసులో పెట్టుకోవాలి.

దత్తత అనే మాట

నగరంలో జంతువులను ఉచితంగా ఇచ్చే సంరక్షణ కేంద్రాలు ఆ పనిని దత్తత అంటున్నాయి. ఈ మాట వినగానే కొందరు సోదరులు ఉలిక్కిపడతారు. దత్తత మన ధర్మంలో లేదు కదా అని అడుగుతారు. ఇస్లాం నిరాకరించింది మనిషి బిడ్డ వంశాన్ని మార్చడాన్ని, కన్నతండ్రి పేరు తీసేసి మరొకరి పేరు తగిలించడాన్ని. పిల్లికి వంశమూ లేదు, వారసత్వమూ లేదు. ఇక్కడ దత్తత అంటే పోషణ బాధ్యత స్వీకరించడం మాత్రమే. మన భాషలో చెప్పాలంటే కఫాలత్. ఇంకా సరిగ్గా చెప్పాలంటే అమానతు. మాట గురించి వాదులాడుకునే కన్నా, ఆ మాట వెనుక ఉన్న బాధ్యతను గుర్తించడం మేలు.

కొనడమా, తెచ్చుకోవడమా

ఈ పదిహేనేళ్ళలో మన ముస్లిం కుటుంబాల్లో పర్షియన్ పిల్లుల మోజు బాగా పెరిగింది. పండుగకు ఈదీగా పిల్లలకు పర్షియన్ కూనను కొనివ్వడం ఒక గొప్పగా మారింది. ఈ చప్పిడి ముక్కు పిల్లులకు సహజంగానే ఊపిరి ఇబ్బంది ఉంటుంది, కళ్ళు కారుతుంటాయి. ఒత్తైన బొచ్చును రోజూ దువ్వకపోతే ఉండలు కడుతుంది. మన మే నెల ఎండకు అవి తట్టుకోలేవు. అమ్మేవాడు ఇవేమీ చెప్పడు. మోజు తీరాక అవే పిల్లులు సంరక్షణ కేంద్రాలకు చేరుతున్నాయి, కొన్ని వీధికి చేరుతున్నాయి. ఇంట్లో పుట్టి ఇంట్లో పెరిగిన పర్షియన్ పిల్లి వీధిలో బతకలేదు.

కొనుగోలు గురించి ధర్మం ఏమంటుంది? కుక్క అమ్మకపు సొమ్మును దైవప్రవక్త (స) వారించారని బుఖారీ, ముస్లింలలో ఉంది. కుక్క, పిల్లి రెండింటి వెలనూ ఆయన గద్దించారని హజ్రత్ జాబిర్ (రజి) గారి ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. ధర్మవేత్తల్లో అధికులు పిల్లి అమ్మకం చెల్లుతుందనే అన్నారు, కాబట్టి కొన్నవారిని హరాం చేశారని నిందించడం తగదు. అయితే ఇమామ్ నవవీ (రహ్మ) ఈ హదీసును వివరిస్తూ చెప్పిన సంగతి చాలా విలువైనది. ఈ వారింపు అయిష్టతను తెలిపేదనీ, పిల్లిని ఒకరికొకరు ఊరికే ఇచ్చుకోవడం, ఎరవివ్వడం ప్రజలకు అలవాటు కావాలన్నది దాని ఉద్దేశమనీ ఆయన భావం. ఏడున్నర శతాబ్దాల కిందట దమిష్క్‌లో కూర్చుని రాసిన ఈ వివరణ, నేటి సంరక్షణ కేంద్రం చేసే పనికి సరిగ్గా సరిపోతుంది. ఆయన కాలంలోనే పాలించిన సుల్తాన్ బైబర్స్ కైరోలో పిల్లుల పోషణ కోసం ఒక తోటను వక్ఫ్ చేశాడని చరిత్ర చెబుతోంది. ఇది మనకు పరాయి ఆచారమేమీ కాదు.

మన నగరంలో బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ సంస్థను అమల అక్కినేని గారు 1992లో స్థాపించారు. దాని కేంద్రం జూబ్లీహిల్స్‌లో ఉంది. గాయపడిన, వదిలివేయబడిన జంతువులకు చికిత్స చేసి, కోలుకున్న వాటిని దత్తతకు ఇవ్వడం వారి పనుల్లో ఒకటి. ఉప్పల్‌వైపు వారికి దగ్గరలో, నాగోల్ దాటాక ఫతుల్లాగూడలో నగరపాలక సంస్థ ఏర్పాటు చేసిన జంతు సంరక్షణ కేంద్రం ఉంది. అయితే అక్కడ ముఖ్యంగా జరిగేది వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయడం, రేబిస్ టీకా వేయడం. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం కుక్కలను ఎక్కడ పట్టుకున్నారో చికిత్స తర్వాత అక్కడే వదలాలి. కాబట్టి అలాంటి ప్రతి కేంద్రమూ దత్తత ఇచ్చే చోటు అనుకోకూడదు. ముందు ఫోను చేసి కనుక్కుని వెళ్ళాలి. 2025 ఆగస్టు 17న జీహెచ్ఎంసీ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా జరిపింది. టీకా వేసి, నులిపురుగుల మందు పట్టించిన పిల్లలను ఉచితంగా ఇచ్చారు.

కుక్క విషయం

ఈ అంశం మీద మన ఇళ్ళలో రెండు రకాల అతి కనిపిస్తుంది. ఒకరు, కుక్క నజిస్ కాబట్టి దాన్ని చూడగానే రాయి విసరడం కూడా ధర్మమే అన్నట్టు ప్రవర్తిస్తారు. పిల్లలకు అదే నేర్పుతారు. మరొకరు, అవన్నీ పాతకాలపు మాటలని కొట్టిపారేసి పడకగదిలోకి తెచ్చుకుంటారు. ఈ రెండింటికీ హదీసుల్లో జవాబు ఉంది.

మొదటివారికి జవాబు అందరికీ తెలిసిన వృత్తాంతమే. దప్పికతో తడిమట్టి నాకుతున్న కుక్కను చూసి ఒక బాటసారి బావిలోకి దిగి, తన మేజోడులో నీళ్ళు నింపి, నోట కరచుకుని పైకి వచ్చి తాపించాడు. అల్లాహ్ అతని పాపాలను క్షమించాడు. పశువుల విషయంలో కూడా మాకు పుణ్యం ఉందా అని సహాబాలు అడిగితే, ప్రాణమున్న ప్రతిదాని విషయంలోనూ ఉందని దైవప్రవక్త (స) తెలియజేశారు. హజ్రత్ అబూహురైరా (రజి) గారి ఈ ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. గుహవాసుల వెంట ఉన్న కుక్కను దివ్యఖుర్ఆన్ కహఫ్ సూరాలో ప్రస్తావించింది. శిక్షణ పొందిన వేటజంతువు పట్టి తెచ్చింది ధర్మసమ్మతమని మాయిదా సూరాలో ఉంది.

రెండోవారికి జవాబు కూడా అంతే స్పష్టం. పశువుల కాపలా, వేట, పొలం కాపలా కోసం తప్ప కుక్కను పెంచేవారి పుణ్యంలో ప్రతిరోజూ ఒక ఖీరాత్ మేరకు, మరో ఉల్లేఖనంలో రెండు ఖీరాత్‌ల మేరకు తగ్గుతుందని బుఖారీ, ముస్లింలలో ఉంది. కుక్క ఉన్న ఇంట్లోకి కారుణ్య దూతలు ప్రవేశించరని కూడా ఉంది. కుక్క నాకిన పాత్రను ఏడుసార్లు కడగాలని సహీహ్ ముస్లింలో ఉంది. మాలికీ పండితులు కుక్కను అశుద్ధంగా పరిగణించరు. హనఫీలు దాని చొంగను నజిస్ అంటారు. షాఫయీలు దాని శరీరమంతా నజిస్ అంటారు. ఈ భేదాభిప్రాయం శుద్ధి గురించే. అవసరం లేకుండా ఇంట్లో పెట్టుకోవచ్చునా అనే ప్రశ్నకు ఈ భేదాన్ని సాకుగా చూపడం న్యాయం కాదు.

మరి ఇళ్ళ కాపలా సంగతి? హదీసులోని మినహాయింపుల ఆధారంగా ఇంటి కాపలాకూ అనుమతి ఉందని చాలామంది ధర్మవేత్తలు ఖియాసు చేశారు. ఇమామ్ నవవీ (రహ్మ) కూడా ఈ అభిప్రాయాన్నే బలమైనదిగా పేర్కొన్నారు. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో షెడ్లు, గోదాములు నడిపే మన సోదరులు ఉన్నారు. ఊరి చివర ప్లాటులో కోళ్ళు, మేకలు పెంచేవారూ ఉన్నారు. వారికి నిజంగా కాపలా అవసరమే. వేలకు వేలు పోసి విదేశీ జాతి కుక్కను కొనేకంటే, టీకాలు వేసిన నాటు కుక్కను సంరక్షణ కేంద్రం నుంచి తెచ్చుకోవడం అన్ని విధాలా మేలు. అది మన ఎండకు పుట్టినది, జబ్బులు తక్కువ. కానీ కాపలా కుక్క అంటే ఇరవై నాలుగు గంటలూ గొలుసుతో కట్టిన కుక్క కాదు. రోజంతా కట్టి ఉంచి, తిప్పకుండా నిర్లక్ష్యం చేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కూడా నేరమే. షెడ్డు బయట నీడ, నీళ్ళ తొట్టి, ఉదయం సాయంత్రం నడక, ఆదివారం షెడ్డు మూసినరోజు కూడా తిండి పెట్టే మనిషి ఉండాలి. ఈ చివరిది మన యజమానులు ఎక్కువగా మరచిపోతారు. రంజాన్ పండుగకు మూడు రోజులు షెడ్డు మూస్తారు. ఆ మూడు రోజులు కుక్క ఏం తింటుంది?

అపార్ట్‌మెంట్‌లో ఉండి, కాపలా అవసరం లేనివారికి దత్తత కుక్క తగదు. అంతమాత్రాన కుక్కలకు మేలుచేసే దారి మూసుకుపోలేదు. ఎండాకాలం గేటు బయట నీళ్ళ పాత్ర పెట్టవచ్చు. వీధికుక్కకు శస్త్రచికిత్స చేయించమని నగరపాలక సంస్థకు ఫిర్యాదు ఇవ్వవచ్చు. సంరక్షణ కేంద్రానికి సదఖా ఇవ్వవచ్చు. జకాత్ సొమ్ము మాత్రం ఇవ్వకూడదు. జకాత్ పొందే ఎనిమిది వర్గాలను దివ్యఖుర్ఆన్ తౌబా సూరాలో నిర్ణయించింది, అవన్నీ మనుషులకు సంబంధించినవే.

కుక్కలంటే భయపడేవారిని ఎగతాళి చేయడం కూడా సరికాదు. 2023 ఫిబ్రవరిలో ఉప్పల్‌కు ఎంతో దూరం లేని బాగ్ అంబర్‌పేటలో వీధికుక్కలు మీదపడి నాలుగేళ్ళ బాలుడు మరణించాడు. పసిపిల్లలున్న తల్లుల భయానికి కారణం ఉంది. ఆ భయానికి మందు కుక్కలకు విషం పెట్టడం కాదు. టీకా, శస్త్రచికిత్స, చెత్త పేరుకోకుండా చూడటం, ఇంట్లో పెంచిన కుక్కను వీధిలో వదలకపోవడం, ఇవీ మందులు.

పిల్లి విషయం

పిల్లి గురించి మన ధర్మంలో వెసులుబాటు ఎక్కువ. హజ్రత్ అబూఖతాదా (రజి) ఉజూ కోసం పెట్టిన నీళ్ళను పిల్లి తాగబోతే, అది సులువుగా తాగేలా పాత్రను వంచారు. వింతగా చూస్తున్న కోడలికి, పిల్లి అశుద్ధం కాదనీ, అది మీ మధ్య తిరుగాడే జీవుల్లోనిదనీ దైవప్రవక్త (స) చెప్పిన సంగతిని తెలిపారు. అబూదావూద్, తిర్మిజీలలో ఈ ఉల్లేఖనం ఉంది. పిల్లి మూతి పెట్టిన నీటితో ఉజూ చేయడం అయిష్టకరమని ఇమామ్ అబూహనీఫా (రహ్మ) అభిప్రాయం. వేరే నీళ్ళు ఉంటే అవి వాడండి, లేకపోతే వాటితోనే చేసుకోండి. బట్టల మీద దాని వెంట్రుకలు అంటినంత మాత్రాన నమాజు చెడదు. దాని మలమూత్రాలు మాత్రం నజిస్సే. జానమాజ్ మీద పోస్తే కడగాల్సిందే. అందుకే మలవిసర్జన కోసం ఇసుక తొట్టి అలవాటు చేయడం కేవలం శుభ్రతకు సంబంధించినదే కాదు, మీ నమాజుకు కూడా సంబంధించినది.

ఇక్కడ ఒక మాట. పిల్లి పేరుతో వాట్సాప్‌లో తిరిగే కథలు చాలా ఉన్నాయి. దైవప్రవక్త (స) వారికి ముఇజ్జా అనే పిల్లి ఉండేదనీ, అది నిద్రపోతుంటే లేపకుండా తమ అంగీ చేతిని కత్తిరించారనీ చెప్పే కథకు హదీసు గ్రంథాల్లో ఆధారం లేదు. చొక్కా చేయి కత్తిరించిన సంఘటనను తరువాతి కాలపు సూఫీ పెద్ద షేఖ్ అహ్మద్ రిఫాయీ (రహ్మ) గురించి చెబుతారు. పిల్లిని ప్రేమించడం విశ్వాసంలో భాగం అనే మాటను కూడా హదీసువేత్తలు కల్పితమని తేల్చారు. పిల్లల పుస్తకాల్లో కూడా ఇవి చేరిపోయాయి. ప్రవక్త మీద మోపే కల్పన చిన్న విషయం కాదు. సహీహ్ హదీసులు ఇన్ని ఉండగా కల్పనల అవసరమేమిటి?

శస్త్రచికిత్స గురించి

సంరక్షణ కేంద్రాలు పెట్టే షరతుల్లో మనవారు ఎక్కువగా వెనుకాడేది దీని దగ్గరే. పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తానని రాసివ్వమంటారు. సృష్టిని మార్చడం కాదా అని సందేహం. హనఫీ ఫిఖహ్‌లో ప్రయోజనం ఉన్నప్పుడు జంతువుల వృషణాలు తొలగించడానికి అనుమతి ఉంది. షాఫయీ ధర్మవేత్తలు మాంసం తినని జంతువుల విషయంలో దీన్ని వారించారు. నేటి పండితుల్లో చాలామంది, జంతువుకు హాని జరగకుండా, వాటి సంఖ్య పెరిగి ఆకలిచావులు కలిగే పరిస్థితిని ఆపడం కోసమైతే పర్వాలేదన్నారు. లెక్క చూడండి. ఆడపిల్లి అయిదారు నెలలకే, కొన్నిసార్లు అంతకు ముందే చూలు కడుతుంది. రెండు నెలల్లో ఈనుతుంది. ఒక్కో ఈతకు మూడు నాలుగు కూనలు. ఏడాదిలో రెండు మూడు ఈతలు. ఆ కూనలకు ఇళ్ళు ఎక్కడివి? కూనలను సంచిలో కట్టి మూసీ ఒడ్డునో, మాంసం దుకాణం వెనుకో పడేసి వచ్చేవారు ఈ ప్రశ్నకు అల్లాహ్ దగ్గర జవాబు చెప్పాల్సి ఉంటుంది. మీకు సందేహం మిగిలితే మీ మస్జిదు ఇమామ్ సాహెబును అడగండి. కానీ పత్రం మీద సంతకం పెట్టకముందు అడగండి. సంతకం పెట్టాక అది ఒప్పందం. ఒప్పందాన్ని నెరవేర్చడం విశ్వాసి లక్షణం. పిల్లిని తెచ్చుకుని తరువాత ఫోను ఎత్తకపోవడం వాగ్దానభంగమే.

బయలుదేరే ముందు ఇంట్లో మష్వరా

పిల్లి పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతుంది. కొన్ని ఇంకా ఎక్కువ. పదేళ్ళ పాప అడిగిందని తెచ్చిన పిల్లి, ఆ పాప నికాహ్ నాటికి కూడా ఇంట్లోనే ఉండవచ్చు. అప్పుడు దాన్ని ఎవరు చూస్తారు? అమ్మీయే కదా. కాబట్టి పిల్లల ముచ్చటతో పాటు, రోజూ తొట్టి శుభ్రం చేయబోయే మనిషి అంగీకారం కూడా కావాలి. చాలా ఇళ్ళలో ఈ ఒక్క మనిషినే అడగరు.

అద్దె ఇల్లయితే యజమాని అనుమతి తీసుకోండి. దాచిపెట్టి తెచ్చి, గొడవ వచ్చాక వదిలేసిన పిల్లులు ఎన్నో. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే కేంద్రంలో పిల్లుల మధ్య ఒక గంట కూర్చోబెట్టి చూడండి. గర్భిణి ఉంటే భయపడి పిల్లిని వెళ్ళగొట్టనక్కరలేదు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి పిల్లి మలం ద్వారా సోకవచ్చు. మలంలోని ఆ జీవి రోగం కలిగించే స్థితికి రావడానికి ఒక రోజు నుంచి అయిదు రోజులు పడుతుంది. కాబట్టి తొట్టిని రోజూ వేరొకరు శుభ్రం చేస్తే చాలు. గర్భిణి ఆ పని చేయకూడదు.

సెలవుల సంగతి ముందే తేల్చుకోండి. ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ బస్సు ఎక్కేముందు కాదు. ఉమ్రాకు పోతే పదిహేను రోజులు. ఆ రోజుల్లో తలుపు తీసి తిండి పెట్టే బంధువో పొరుగువారో ఎవరు? పేరు చెప్పగలిగితేనే తెచ్చుకోండి.

తెచ్చుకున్నాక

మొదటి వారం ఒకే గదిలో, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె ఇచ్చి ఉంచండి. చుట్టాలను పిలిచి చూపించకండి. బాల్కనీకి వల కట్టించకముందు తలుపు తీయకండి. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడ్డా ఏమీ కాదనేది వట్టి మాట. మూడో అంతస్తు నుంచి పడి దవడ, కాళ్ళు విరిగిన పిల్లులను పశువైద్యులు చూస్తూనే ఉంటారు.

తిండి విషయంలో మన అలవాట్లు మార్చుకోవాలి. పిల్లి మాంసాహారి. పాలన్నం, పెరుగన్నం మీద అది బతకలేదు. టారిన్ అనే పోషకం మాంసం నుంచే దానికి అందాలి. అందకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. మిగిలిన బిర్యానీ, సాలన్ పెట్టడం మనకు ప్రేమగా తోస్తుంది. అందులోని ఉల్లి, వెల్లుల్లి పిల్లికీ కుక్కకీ హానికరం. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో గుచ్చుకుంటాయి. జ్వరం వచ్చిందని మన ఇంటి పారాసిటమాల్ మాత్ర వేయడం పిల్లికి విషం పెట్టడంతో సమానం. ఇది తెలియక చంపుకున్నవారు ఉన్నారు.

మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తరువాత వైద్యుడు చెప్పిన గడువులో మళ్ళీ, ఆపై ఏటా. రేబిస్ కుక్కవల్లే వస్తుందనుకోవద్దు, పిల్లివల్ల కూడా వస్తుంది. కరిచినా, రక్తం వచ్చేలా రక్కినా గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు. అదేరోజు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో, నారాయణగూడలోని ఐపీఎంకో, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్ళి టీకా వేయించుకోవాలి. చెప్పిన డోసులన్నీ పూర్తి చేయాలి. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు దాదాపు చికిత్స లేదు. దువా చేయించుకోండి, తప్పులేదు. కానీ టీకా వేయించుకున్నాక.

పంజరంలోని మిట్టూ

కొన్ని ఇళ్ళవారు పిల్లీ వద్దు, కుక్కా వద్దు, చిలుక చాలు అంటారు. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూఉమైర్ వద్ద చిన్న పిట్ట ఉండేదనీ, అది చనిపోతే దైవప్రవక్త (స) ఆ పసివాణ్ణి పలకరించారనీ బుఖారీ, ముస్లింలలో ఉంది. దీని ఆధారంగా పిట్టను పెంచడం ధర్మసమ్మతమని పండితులన్నారు. అయితే మన పచ్చ రామచిలుక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత పక్షి. దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. నక్షత్ర తాబేలు కూడా అంతే. దాదీల కాలం నుంచి ఉన్న అలవాటే అయినా మానుకోవాలి. గూటిలోంచి కూనలను ఎత్తుకొచ్చినందుకు తల్లిపిట్ట తల్లడిల్లుతుంటే, దాని పిల్లలను దానికి తిరిగి ఇవ్వమని దైవప్రవక్త (స) ఆదేశించిన సంఘటన అబూదావూద్‌లో ఉంది. మిట్టూను అమ్మేవాడి సంచిలోకి ఆ పిల్ల ఎలా వచ్చిందో ఆలోచించండి.

పోషించలేని పరిస్థితి వస్తే

ఉద్యోగం పోవచ్చు, గల్ఫ్ వీసా రావచ్చు, జబ్బు చేయవచ్చు. అటువంటప్పుడు ఏం చేయాలో ఫిఖహ్ గ్రంథాల్లో ఉంది. జంతువు యజమాని దాన్ని పోషించాలి, లేదా పోషించగలిగినవారికి అప్పగించాలి. స్వయంగా బతకగలిగినదైతేనే వదలాలి. ఇంట్లో పెరిగిన పిల్లి ఈ చివరిదాని కిందికి రాదు. 1262లో మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మ) జంతువుల హక్కులను లెక్కిస్తూ, అది ముసలిదై, జబ్బుపడి, దానివల్ల ఏ ప్రయోజనమూ లేకపోయినా దాని మీద ఖర్చు పెట్టడం యజమాని బాధ్యతే అన్నారు. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం మన దేశ చట్టంలోనూ నేరమే. 1960 నాటి ఆ చట్టంలో మొదటిసారి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ఆ యాభై రూపాయలకు భయపడేవారు ఎవరూ ఉండరు. నరకంలో పిల్లి రక్కుతున్న ఆ స్త్రీ మీద ఏ రాజ్యమూ జరిమానా వేయలేదు.

కాబట్టి మాంసం దుకాణం దగ్గరో, దర్గా వాకిట్లోనో, వేరే బస్తీలోనో రాత్రిపూట వదిలిరావడం దారి కాదు. తెచ్చుకున్న కేంద్రానికే ముందుగా ఫోను చేయండి. చాలా కేంద్రాలు, పోషించలేకపోతే తిరిగి మాకే ఇవ్వమని దత్తత పత్రంలోనే రాస్తాయి. చోటు లేదంటే ఆగమన్నన్ని రోజులు ఆగండి. ఈలోగా బంధువుల్లో అడగండి. అప్పగించేటప్పుడు లోపాలు దాచకండి. పిల్లలను రక్కుతుందా, ఏం తింటుంది, ఏ టీకా ఎప్పుడు వేయించారు, అన్నీ చెప్పి టీకాల పుస్తకం చేతికివ్వండి. అది రోజూ పడుకునే గుడ్డను కూడా వెంట ఇవ్వండి, ఉతకకుండా. తన వాసన ఉన్న గుడ్డ దగ్గర ఉంటే కొత్తచోట పిల్లి త్వరగా తిండికి వస్తుంది.